వేసవిలో డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేడెక్కిపోతోందా? విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ రెండో వారం మొదలు తొలకరి పడేదాకా మా రిపేరు బల్ల మీదకి వచ్చే డెస్క్‌టాప్‌లలో చాలావాటిది ఒకటే జబ్బు. చలికాలమంతా బాగానే నడిచిన సిస్టమ్ మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి నత్తనడక పడుతుంది, లేదా చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. గవర్నర్‌పేటలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియో అయినా, బ్రాడీపేటలో హాస్టల్ గదిలో చదువుకునే కుర్రాడైనా, పటమటలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసైనా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. కొత్త సామాను కొనేముందు ఒకసారి చదవండి. చాలా కేసులు స్క్రూడ్రైవరు, బ్రష్షు, చిన్న ట్యూబు థర్మల్ పేస్టుతో (ప్రాసెసర్‌కీ దాన్ని చల్లబరిచే లోహపు ముక్కకీ మధ్య పూసేది) తేలిపోతాయి.

ప్రాసెసర్ ఎంత వేడి ఉంటే మామూలు? ఎంత దాటితే ప్రమాదం?

ముందు మీ గదిలో వేడి ఎంతుందో చూడండి. గోడకి తగిలించే మామూలు థర్మామీటరు చాలు. హీట్‌సింకు (ప్రాసెసర్ మీద కూర్చునే రెక్కల లోహపు ముక్క), దాని మీది ఫ్యాను, రెండూ కలిపి కూలరు అనేది, చేసే పనల్లా ప్రాసెసర్ వేడిని గదిలోని గాలికి అప్పజెప్పడమే. గాలే 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ అంతకన్నా చల్లగా ఉండే ప్రసక్తే లేదు. అదే కూలరు, అదే పని అనుకుంటే, గది వేడి 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు 10 డిగ్రీలు పెరుగుతుంది.

అందుకని మీరు చూడాల్సింది తేడాని. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేయండి. కంపెనీ ఇచ్చిన మామూలు కూలరుతో, 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కి, ఏ పనీ లేనప్పుడు ఆ తేడా 10 నుంచి 15 డిగ్రీలు ఉంటే బాగున్నట్టు. పూర్తి లోడు పడినప్పుడు 45 నుంచి 55 దాకా ఉండొచ్చు. డిసెంబరులో గది 25 డిగ్రీలున్నప్పుడు రెండరింగ్‌లో 75 చూపించిన ప్రాసెసరే మే నెలలో 41 డిగ్రీల గదిలో 91 చూపిస్తుంది. అందులో కొత్తగా వచ్చిన లోపమేమీ లేదు, తేడా అప్పుడూ ఇప్పుడూ 50 డిగ్రీలే. అదే గది 30 డిగ్రీలున్నప్పుడు కూడా 95 చూపిస్తోందంటే మాత్రం ఎక్కడో లోపం వచ్చింది, డబ్బా విప్పాల్సిందే.

ఇక పైహద్దు, అంటే ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన గరిష్ఠ వేడి సంగతి. ఇటీవలి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి అది 100 డిగ్రీలు. ఏఎండీలో రైజెన్ 5 5600కి 90, రైజెన్ 5 7600 లాంటి 7000 సిరీస్ వాటికి 95, రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89. రైజెన్ 7000లో పెద్ద ప్రాసెసర్లు భారీ పని పడితే 95 దాకా వెళ్లి అక్కడే నిలబడేలా తయారుచేశారు. 7950ఎక్స్ కొనుక్కుని, రెండరింగ్‌లో 95 చూసి కంగారుపడి తెచ్చేవాళ్లున్నారు. వాళ్లది తిరిగి ఇచ్చేయడం తప్ప మేం చేసేదేమీ ఉండదు.

ఆగిపోవడానికి కారణం వేడే అని ఎలా తెలుస్తుంది?

వేడి వల్ల ముందు వచ్చేది నెమ్మదితనం. హద్దు దగ్గరపడగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. నాలుగు గిగాహెర్ట్జ్‌లో పరిగెత్తేది రెండుకో, ఇంకా కిందకో దిగుతుంది. ఫ్యాను మోత పెరుగుతుంది, మౌసు ఆగి ఆగి కదులుతుంది. అలా తగ్గించుకున్నా వేడి ఆగకపోతే, కాలిపోకుండా చివరి రక్షణగా ఒక్కసారిగా పవర్ కట్ చేసేస్తుంది.

కాబట్టి ముందు మందగించి తర్వాత ఆగిపోయిందంటే వేడిని అనుమానించండి. మందగించకుండా, ఏ పని చేస్తున్నా చేయకపోయినా టపీమని ఆగిపోతోందంటే ముందు ఎస్‌ఎమ్‌పీఎస్‌నీ (సిస్టమ్ లోపల కరెంటు అందించే పెట్టె), కరెంటునీ చూడండి. వేసవి సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యేసరికి ఓల్టేజీ పడిపోయే చోట్లు మన ఊళ్లలో బోలెడు. పాత యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉన్నా ఇదే లక్షణం.

ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ కనిపించింది, అంటే వేడే కదా అని చాలామంది ఫొటో తీసి పంపుతారు. కాదండీ. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ విండోస్ అది రాస్తుంది. ప్లగ్గు పీకేసినా అదే వస్తుంది.

టెంపరేచర్ దేంతో చూడాలి?

హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో, కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూమానిటర్ మూడూ ఉచితమే. మొదటిది మంచిది, ఎందుకంటే హద్దు తగిలి వేగం తగ్గిందా లేదా అన్నది కూడా చెబుతుంది. ‘థర్మల్ థ్రాట్లింగ్’ అనే వరసలో ‘యెస్’ అని పడితే ఇక వేరే రుజువు అక్కర్లేదు. లినక్స్ వాడేవాళ్లకి ఎల్ఎమ్-సెన్సర్స్ ఉంది.

చూసేటప్పుడు ‘సీపీయూ ప్యాకేజీ’ అన్న అంకె చూడండి, రైజెన్ అయితే ‘టీడై’. మదర్‌బోర్డు సెన్సర్లలో కొన్ని సంబంధం లేని అంకెలు చూపిస్తుంటాయి, 120 డిగ్రీలని ఏళ్ల తరబడి కదలకుండా ఉండేవి కూడా. వాటిని వదిలేయండి. మొదటి తరం రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటిలో ‘టీసీటీఎల్’ అనే అంకె అసలు వేడి కంటే 20 డిగ్రీలు ఎక్కువ చూపించేలా కంపెనీవాళ్లే పెట్టారు.

బయాస్‌లోకి (విండోస్ మొదలవక ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి చూస్తే 55, 60 ఉంటుంది. అక్కడ విండోస్ చేసే విద్యుత్ పొదుపు ఏదీ పనిచేయదు కాబట్టి అది ఖాళీగా ఉన్నప్పటి లెక్క కింద రాదు.

ఆన్ చేసిన నిమిషంలోపే 90 దాటిపోతోంది. ఎందుకు?

హీట్‌సింకు ప్రాసెసర్‌కి ఆనట్లేదు. దుమ్ము వల్ల పెరిగే వేడి నెమ్మదిగా, పది ఇరవై నిమిషాల్లో ఎక్కుతుంది. సెకన్లలో ఎగబాకే వేడికి కారణం దాదాపు ఎప్పుడూ హీట్‌సింకుకీ ప్రాసెసర్‌కీ మధ్యే ఉంటుంది.

ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలరుకి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. పాత 775 సాకెట్టు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) నుంచి 1700 దాకా ఇదే ఏర్పాటు. నల్లటి పిన్ను తల మీద చిన్న బాణం గుర్తు చూడండి. విప్పాలంటే దాన్ని బాణం చూపించిన వైపు తిప్పి పైకి లాగాలి. మళ్లీ బిగించేటప్పుడు ముందుగా దాన్ని వెనక్కి తిప్పి పెట్టుకోవాలి. చాలామంది ఇది మరిచిపోయి అలాగే నొక్కుతారు. పిన్ను లోపలికి దిగినట్టే కనిపిస్తుంది కానీ లాక్ పడదు. సిస్టమ్ నిలబెట్టగానే ఆ మూల ఒక వెంట్రుకవాసి పైకి లేస్తుంది, అంతే చాలు. నొక్కడం కూడా ఎదురెదురు మూలలుగా నొక్కాలి. ఒక్కోదానికి టక్కుమని చప్పుడు వినబడాలి. అంతా అయ్యాక మదర్‌బోర్డు వెనక్కి తిప్పి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ కాళ్ల మధ్యలోంచి నల్లటి పిన్ను కొన నాలుగు చోట్లా ఒకే పొడవున బయటికి వచ్చి ఉండాలి. ఒకటి పొట్టిగా ఉంటే దొంగ అదే. పాత కూలర్లలో ఆ తెల్ల కాళ్లు వేడికి పెళుసెక్కి విరిగిపోతాయి. పిన్నుల సెట్టు విడిగా దొరుకుతుంది, మొత్తం కూలరు మార్చక్కర్లేదు.

1200 సాకెట్టు కూలరు తెచ్చి 1700 బోర్డుకి పెట్టాలని చూసేవాళ్లకి ఒక మాట: రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి మారింది. బలవంతంగా లాగి పెడితే సరిగ్గా ఆనదు.

కొత్త కూలరైతే అడుగున అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం తీశారో లేదో చూసుకోండి. కొత్తగా అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లలో కూడా ఇది బయటపడుతుంటుంది.

ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా ఫ్యాను మోత మోగుతోంది. ఏంటి సంగతి?

టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ వాడకం ఎంతుందో చూడండి. విండోస్ అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో అయితే అరగంటలో దానంతటదే తగ్గుతుంది.

అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. క్రాక్ చేసిన ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు, కీ జనరేటర్లు దించుకున్న సిస్టమ్‌లలో దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసే ప్రోగ్రాములు తిష్ఠ వేస్తాయి. మీ కరెంటు, మీ ప్రాసెసర్, లాభం ఎవరికో. వీటిలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే పని ఆపేస్తాయి, మూసేయగానే మళ్లీ మొదలెడతాయి. గుర్తు అదే: టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండు నిమిషాల్లో ఫ్యాను నెమ్మదిస్తుంది, మూస్తే మళ్లీ మోత. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో తెరిచి ఉంచి గమనిస్తే సులువుగా దొరికిపోతుంది. అలాంటిది దొరికితే నా సలహా ఒకటే, మీ ఫైళ్లు మాత్రం వేరే డిస్కుకి తీసుకుని విండోస్ మొత్తం కొత్తగా వేసుకోండి. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్లు వాడి ఉంటే వేరే సిస్టమ్ నుంచి మార్చేయండి.

దుమ్ము ఎలా దులపాలి? ఎన్నాళ్లకోసారి?

మీరు ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి. అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఆరు నెలలకోసారి చాలు. ఆటోనగర్‌లో షాపు, రోడ్డు పక్కన జిరాక్సు సెంటరు అయితే రెండు నెలలకోసారి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలోంచి వచ్చే సిస్టమ్‌లైతే విప్పగానే తుమ్ములొస్తాయి, మాస్కు కట్టుకోకుండా ముట్టుకోవద్దు. పత్తి జిన్నింగ్ మిల్లుల ఆఫీసుల్లో వచ్చేది ఇంకో రకం, సన్నటి నూగు. అది ఫ్యాను రెక్కల మీద కనిపించదు. ఫ్యానుకీ హీట్‌సింకుకీ మధ్య పరుచుకుని దళసరి గుడ్డలా తయారవుతుంది. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగా తిరుగుతూనే ఉంటుంది, కింద ఒక్క రవ్వ గాలి దిగదు. అందుకే ఫ్యాను విప్పి కింద చూడకుండా ‘దుమ్మేం లేదండీ’ అనకండి.

ఇళ్లలో పెద్ద శత్రువు దోమల చుట్ట పొగ, అగరబత్తి, సాంబ్రాణి పొగ. ఆ పొగలోని జిడ్డు రెక్కలకి పట్టుకుని, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. ఉత్త గాలి కొడితే పోదు. అలాంటప్పుడు హీట్‌సింకు పూర్తిగా బయటికి తీసి, దాన్నుంచి ఫ్యాను విడదీసి, ఉత్త అల్యూమినియం ముక్కని సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్‌తో కడిగేయొచ్చు. రోజంతా ఎండలో ఆరనివ్వండి. ఫ్యానుని మాత్రం తడి చేయొద్దు.

మిగతాదానికి మెత్తటి పెయింటు బ్రష్షు, ఏసీ మెకానిక్కులు వాడే చేతి బ్లోయరు చాలు. ప్లగ్గు పీకి, డబ్బాని వరండాలోకి తీసుకెళ్లి చేయండి. గాలి కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కనీ వేలితో కదలకుండా పట్టుకోండి. బ్లోయరు గాలికి గిర్రున తిరిగిన ఫ్యాను బేరింగు పోతుంది, ఒక్కోసారి వెనక్కి కరెంటు పుట్టించి బోర్డుకి కూడా చేటు తెస్తుంది. ఇల్లూడ్చే వాక్యూమ్ క్లీనరు ముక్కు బోర్డుకి తగలనివ్వొద్దు, స్టాటిక్ కరెంటు భయం.

పంక్చర్ షాపు కంప్రెసరు దగ్గరికి తీసుకెళ్లే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దయచేసి వద్దు. మన తేమగాలికి ఆ ట్యాంకులో నీళ్లు చేరతాయి, దానికి తోడు నూనె. సన్నటి తుంపరై మదర్‌బోర్డు మీద పడుతుంది. వెంటనే ఏమీ కాదు. వారం తర్వాత మొరాయిస్తుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

థర్మల్ పేస్టు ఎంత పెట్టాలి? టూత్‌పేస్టు పెట్టొచ్చా?

టూత్‌పేస్టు వద్దు. దానిలో ఉన్న నీరు ఆ వేడికి రెండు మూడు రోజుల్లో ఆరిపోయి సుద్దపొడి మిగులుతుంది.

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి నడిమధ్యలో బఠానీ గింజంత చుక్క చాలు, హీట్‌సింకు బరువుకే పరుచుకుంటుంది. పొడుగ్గా ఉండే 1700 సాకెట్టు ప్రాసెసర్‌కి చుక్క బదులు చిన్న గీత గీయండి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మొబైల్ రిపేరు చేసేవాళ్లందరి దగ్గరా ఉంటుంది, అడిగితే ఎక్కడ కొనాలో చెబుతారు. చేతులకి రాసుకునే శానిటైజరులో గ్లిజరిన్ ఉంటుంది, అది పొరలా మిగిలిపోతుంది. మూడు నాలుగేళ్లకోసారి పేస్టు మార్చడం మంచిది. హీట్‌సింకు ఎప్పుడు విప్పినా, నిన్న పెట్టిందైనా సరే, పాతది తుడిచి కొత్తది పెట్టండి.

ఏఎమ్4 సాకెట్టు రైజెన్ వాళ్లు విప్పేటప్పుడు జాగ్రత్త. పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పాత పేస్టు బిగుసుకుపోయి, హీట్‌సింకు లాగగానే ప్రాసెసర్ కూడా సాకెట్టులోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. విప్పేముందు ఒక పది నిమిషాలు సిస్టమ్‌ని బాగా పని చేయించండి, పేస్టు మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్గు తీసి, హీట్‌సింకుని పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయండి.

లిక్విడ్ మెటల్ అని అమ్మేదాంట్లో గాలియం ఉంటుంది, అల్యూమినియం హీట్‌సింకుని తినేస్తుంది. ఇళ్లలో, ఆఫీసుల్లో దాని అవసరం లేదు.

ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, అయినా వేడి తగ్గట్లేదు.

తిరుగుతున్నాయి సరే, ఎటు తిరుగుతున్నాయి? ఫ్యాను వెనక అడ్డపట్టీలు, స్టిక్కరు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందు ఫ్యాన్లు లోపలికి లాగాలి, వెనకదీ పైదీ బయటికి తోయాలి. ముందూ వెనకా రెండూ లోపలికే లాగేలా బిగించిన సిస్టమ్‌లు వస్తుంటాయి. అగరబత్తి వెలిగించి దగ్గర పెట్టి చూస్తే పొగ ఎటు పోతోందో ఒక్క క్షణంలో తెలుస్తుంది. చూశాక ఆర్పేయండి, ఆ పొగ గురించి పైన చెప్పాను.

ప్రాసెసర్ ఫ్యాను వైరు బోర్డు మీద ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. వేరే చోట పెడితే ప్రాసెసర్ వేడిని బట్టి వేగం మారదు. ఆన్ చేయగానే ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ అని వచ్చి ఎఫ్1 నొక్కమంటోందంటే ఆ పిన్నుల దగ్గర ఫ్యాను లేదనో, తిరగట్లేదనో అర్థం. రోజూ ఎఫ్1 నొక్కి పని కానిచ్చేస్తున్న బిల్లింగ్ కౌంటర్లు చాలానే ఉన్నాయి. అది హెచ్చరిక, దాటేసేది కాదు.

డబ్బా మూత తీసేసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకోవచ్చా?

పరీక్ష కోసమైతే తప్పకుండా చేయండి. మూత తీయగానే ప్రాసెసర్ వేడి ఏడెనిమిది డిగ్రీలు పడిపోతే మీ క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదని తేలిపోయింది. ముందు భాగమంతా గాజు అతికించి, రంగుల లైట్లు పెట్టిన చవక క్యాబినెట్లలో ఇదే బాధ. మూత తీసినా ఒకటి రెండు డిగ్రీలకి మించి తేడా లేకపోతే తప్పు హీట్‌సింకు దగ్గరుంది.

అలాగే వదిలేయడం మాత్రం వద్దు. దుమ్ము రెట్టింపు చేరుతుంది. బల్లులు, బొద్దింకలు వెచ్చదనానికి లోపల కాపురం పెడతాయి. బోర్డు మీద పాకిన బల్లి వల్ల షార్టైన సిస్టమ్‌లు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉంటాం. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోకి దూరిందని అనుమానముంటే దాన్ని మీరు విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

కంప్యూటరు టేబుల్ కింద తలుపున్న అరలో పెట్టేవాళ్లు ఆ తలుపు తీసేయండి, వెనక చెక్క కూడా ఊడదీయండి. గోడకి కనీసం జానెడు ఎడం ఉండాలి. దుమ్ము పడకుండా కప్పే గుడ్డ ఆఫ్ చేశాక కప్పండి.

ఎయిర్ కూలరు ముందు పెడితే చల్లగా ఉంటుంది కదా?

నీళ్ల కూలరు గాలి తిన్నగా సిస్టమ్ మీదకి కొట్టేలా పెట్టకండి. తేమ ఒక సమస్య. అంతకంటే పెద్దది ఆ నీళ్లలోని ఉప్పు. మన బోరు నీళ్లకి కూలరు గడ్డి మీద తెల్లగా పేరుకునేది మీరు చూసే ఉంటారు, సన్నటి తుంపరలతో అదే బోర్డు మీదకీ చేరుతుంది. గదిలో మరో మూలన, కిటికీ తెరిచి ఉంచి నడిపితే ఫర్వాలేదు, గది వేడి తగ్గిన మేరకి ప్రాసెసర్‌కీ మేలే.

సీలింగ్ ఫ్యాను గది వేడిని తగ్గించదు. మన చెమట ఆరుతుంది కాబట్టి మనకి చల్లగా అనిపిస్తుంది. హీట్‌సింకుకి చెమట పట్టదు. ఉక్కపోతకి మనం అల్లాడినంతగా అది అల్లాడకపోవడానికీ కారణం అదే, దానికి గాలి వేడి ఒక్కటే లెక్క.

అయితే ఏసీ తప్పదా?

తప్పదని చెప్పను. కూలరు సరిగ్గా ఆని, దుమ్ము లేకుండా ఉంటే 65 వాట్ల ప్రాసెసర్ బెజవాడ మే నెలని ఏసీ లేకుండా దాటేస్తుంది. రేకుల షెడ్డులోనో, ఎండ పడే డాబా మీద గదిలోనో పెట్టి 125 వాట్ల ప్రాసెసర్‌తో పగలంతా వీడియోలు రెండర్ చేయాలంటే మాత్రం కష్టం.

పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా రెండరింగ్ పెడుతున్నాం. ప్రాసెసర్ పాడవుతుందా?

హద్దు లోపల ఉన్నంతకాలం పాడవదు. కానీ హద్దు తగిలి వేగం తగ్గుతూ నడిస్తే మీ రెండరింగే ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం మూడింటికి మొదలెడితే ఆరు గంటలు పట్టే ఫైలు, తెల్లవారుజామున ఇంకా ముందే అయిపోవచ్చు. డాబా కింద గదుల్లో శ్లాబు పగలంతా ఎండకి కాగి, రాత్రి పదకొండు దాకా వేడి దింపుతూనే ఉంటుంది. గది నిజంగా చల్లబడేది రెండు, మూడు గంటల వేళ. బరువైన ఫైళ్లు అప్పుడు మొదలయ్యేలా క్యూలో పెట్టుకోండి. రోహిణి కార్తెలో ఈ ఒక్క మార్పుతో గట్టెక్కిన స్టూడియోలున్నాయి. కాకపోతే రాత్రి గదిలో మనిషి లేకుండా నడిపేటప్పుడు ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బోర్డు మంచివి ఉండాలి. మంటలు వచ్చేది అక్కడి నుంచే.

కొత్త కూలరు కొనాలా? వాటర్ కూలింగ్ మంచిదా?

దుమ్ము, పేస్టు, బిగింపు మూడూ సరిచేశాక కూడా పూర్తి లోడులో గది వేడికీ ప్రాసెసర్ వేడికీ తేడా 60 డిగ్రీలు దాటుతుంటే కొనండి. నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలరు మన ఎండలకి సరైన వస్తువు. కొనేముందు మీ క్యాబినెట్ వెడల్పు కొలుచుకోండి, చాలా టవర్ కూలర్లు 15 సెంటీమీటర్లకి పైగా ఎత్తుంటాయి. మూత పడక వెనక్కి తెచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

వాటర్ కూలింగ్ కూడా చివరికి వేడిని ఇచ్చేది గది గాలికే. 253 వాట్ల దాకా లాగే కోర్ ఐ9-14900కే లాంటివాటికి అది కావాలి. ఐ5కి ఆ డబ్బు పెట్టే బదులు క్యాబినెట్‌కి రెండు మంచి ఫ్యాన్లు కొనుక్కోమంటాను. వాటర్ కూలరులో పంపు ఆగిపోతే బయటికి ఏమీ తెలియదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ద్రవం గొట్టాల్లోంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. బిగించేటప్పుడు రేడియేటరు పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరతాయి.

ఏమీ కొనకుండా సెట్టింగులతో వేడి తగ్గించొచ్చా?

తగ్గించొచ్చు, అదీ బాగా. తేలికైనది విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఉంది. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 100 ఉంటుంది, దాన్ని 99 చేయండి. టర్బో, అంటే పని పడినప్పుడు ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది. వేగం కొంత తగ్గుతుంది, వేడి చాలా తగ్గుతుంది. ట్యాలీ, వర్డ్, బిల్లింగ్ చేసేవాళ్లకి ఆ వేగం తేడా తెలియను కూడా తెలియదు.

ఇంకొంచెం తెలిసినవాళ్లు బయాస్‌లోకి వెళ్లండి. కోర్ ఐ5-12400 పేరుకి 65 వాట్లు, టర్బోలో 117 దాకా లాగుతుంది. కొన్ని మదర్‌బోర్డులు ఆ పైహద్దుని ఎంతసేపైనా వాడుకోనిస్తాయి. పవర్ లిమిట్ 65కి కట్టేస్తే మామూలు కూలరే హాయిగా మోస్తుంది. రైజెన్‌లో ‘ఎకో మోడ్’ అనే పేరుతో ఇదే పని ఒక్క నొక్కుతో అవుతుంది, ‘కర్వ్ ఆప్టిమైజర్’తో ఓల్టేజీ కూడా తగ్గించుకోవచ్చు.

ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 వాళ్లు మాత్రం ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. అవసరానికి మించి ఓల్టేజీ అడిగే లోపం వాటిలో ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది. వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. ఆ లోపంతో అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని అప్‌డేట్ బాగుచేయదు. వేడి మామూలుగానే ఉన్నా గేములు, ప్రోగ్రాములు ఊరికే క్రాష్ అవుతుంటే బిల్లు తీసి వారంటీకి వెళ్లండి.

2024 సెప్టెంబరు వరదలో తడిసిన సిస్టమ్ ఆరబెట్టి వాడుతున్నాం. అప్పటి నుంచీ వేడెక్కుతోంది.

బుడమేరు నీళ్లలో మునిగిన సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీల సిస్టమ్‌లలో ఇది అందరికీ వచ్చిన బాధే. నీళ్లు పోయాయి, బురద పోలేదు. హీట్‌సింకు రెక్కల మధ్య సన్నటి మట్టి గట్టిపడి ఉంటుంది, టార్చి వేసి చూస్తే అవతలి వెలుతురు కనిపించదు. కడగాలి, పై పద్ధతిలోనే. ఫ్యాను మాత్రం మార్చేయండి, బేరింగులో చేరిన బురద పోదు. ప్రాసెసర్‌కీ హీట్‌సింకుకీ మధ్యలోకి నీరు వెళ్లి ఉంటే పేస్టు పాడై, అల్యూమినియం మీద తెల్లటి మచ్చలు లేస్తాయి, అవి గరుగ్గా తగిలితే కూలరు కూడా మార్చాలి. మునిగిన ఎస్‌ఎమ్‌పీఎస్ పనిచేస్తున్నా వాడొద్దు.

షాపువాళ్లు ప్రాసెసర్ పోయింది, మార్చాలి అంటున్నారు. నమ్మొచ్చా?

వేడికి ప్రాసెసర్ చచ్చిపోవడం చాలా అరుదు. తనని తాను కాపాడుకునే ఏర్పాటు దాంట్లోనే ఉంది. ముందు పోయేవి ఫ్యాను, ఎస్‌ఎమ్‌పీఎస్, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాలు. కాబట్టి మొహమాటపడకుండా అడగండి: ‘అన్నా, ఈ ప్రాసెసర్‌ని ఇంకో బోర్డులో పెట్టి చూపిస్తావా?’ నిజంగా పోయి ఉంటే ఏ బోర్డులోనూ లేవదు. పని తెలిసిన మెకానిక్కు దానికి ఏమీ అనుకోడు.

రిపేరు అయ్యాక సిస్టమ్ తీసుకునేటప్పుడు కూడా అక్కడే పదిహేను నిమిషాలు కూర్చోండి. సినీబెంచ్ లాంటిది (ప్రాసెసర్ మీద పూర్తి లోడు వేసి పరీక్షించే ప్రోగ్రాము) నడిపించి, ఆ షాపు గదిలో వేడి ఎంతుందో, ప్రాసెసర్ ఎంతకి చేరిందో రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. షాపులో ఏసీ ఉంటే అక్కడ 72 చూసి మీరు సంతోషపడొచ్చు, ఇంటికెళ్లాక 86 చూసి మళ్లీ ఫోను చేయొచ్చు. రెండు అంకెలూ చేతిలో ఉంటే ఆ ఫోను చేయాలో అక్కర్లేదో మీకే తెలుస్తుంది.